పసుపు కనబడని వెలుగు

రోహిణి కార్తె, సోమవారం

ఇయ్యాల పొద్దున మూడో సొరంగంల గాలి పంకా ఆగింది. కనకయ్య మనిషిని పంపకుండ తనే నా రిపేరు షెడ్డుకు ఉరికి వచ్చిండు. మా పాత బొగ్గు బాయిల కరెంటుకు, పంట దీపాలకు ఆయనే పెద్ద. మోటారు కాలిపోయింది, కొత్తది ఎక్కడి నుంచి తేవాలె అని మొత్తుకుంటున్నడు. పోయి చూస్తే మోటారు నిమ్మళంగనే ఉన్నది. రెక్కలకు ఒక దిక్కు దుమ్ము పేరుకొని బరువెక్కినయి, ఆ వణుకుకు వైరు ఊడింది. రెక్కలు తుడిచి, వైరు బిగించి, స్విచ్చి వేసిన. తిరిగింది.

ఈ షెడ్డుల నా తర్వాత ఎవరు కూర్చుంటరో తెల్వదు. వాళ్ల కోసమే ఇది రాస్తున్న. పాడైంది అని చెప్పిన వస్తువును విప్పే ముందు దాని పక్కన ఊరికె కూర్చోవాలె. చప్పుడు వినాలె, వాసన చూడాలె, చేతితోని తాకి వేడి చూడాలె. చానాసార్లు విప్పే పనే పడది.

పంకా తిరిగినంక కనకయ్య అక్కడనే అర మీద కూలబడి చెమట తుడుచుకున్నడు. గాలి ఆగితే పంటకంటె ముందు మనుషులం పోతం. తాతల కాలంల ఇదే బాయిల బొగ్గు తవ్విండ్రు. ఇప్పుడు ఎండలకు పైన కోడి కూడ నిలవది కాబట్టి బాయిని ఊరు చేసుకున్నం. అరల మీద పంట, అరల నడుమ మేము. పంట దీపాల ఎరుపు, నీలం కలిసి పడే గులాబీ వెలుగులనే వంటలు, పిల్లల చదువులు, పెండ్లిచూపులు. ఇంటింటికి వేరే దీపం పెట్టుకునేంత కరెంటు లేదు.

పొద్దుగూకక ముందే మంచి కబురు వచ్చింది. కావేరికి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకముందే నొప్పులు వచ్చినయని అందరం భయపడ్డం గాని నర్సు ఎస్తేరు చేయి మంచిది. కావేరి నన్ను చిన్నమ్మా అంటది. రక్తసంబంధం లేదు. వాళ్లమ్మ, నేను ఒక్కసారే ఈ బాయిలకు దిగినం, ఆమె పోయినంక ఈ పిల్లకు పెద్దదిక్కు నేనే. ఎస్తేరు పసిగుడ్డును బట్టల చుట్టి నా చేతుల పెట్టింది. నా పెద్ద రెంచీ అంత బరువు కూడ లేదు. వేలు పెడితే మాత్రం గట్టిగ పట్టుకున్నది.

మంగళవారం

పైన దుమ్ము వడగాడ్పు లేచింది. ఇది మొదలైతే పగలు, రాత్రి తేడా ఉండది. బండి నడవది, మనిషి నడవడు, పై తలుపు మూసుడే. తలుపు సందుల నుంచి సన్న దుమ్ము దిగుతున్నదంటే పాత ట్యూబులు కోసి అంచుల పొంటి అతికించిన. రబ్బరు అతికించేటప్పుడు చానామంది జిగురు ఎక్కువ పూస్తరు. తక్కువ పూసి, రెండు దిక్కులా తడి ఆరేదాక ఓపిక పట్టి, అప్పుడు అదమాలె. ఓపిక లేకపోతే ఎంత జిగురు పూసినా ఊడుతది.

నదికి అవతలి పెద్దాసుపత్రికి పోయే టెలిఫోను తీగ మాత్రం పనిచేస్తున్నది. అదొక్కటి చాలు అనుకున్న.

కావేరి కాడికి పోయి వచ్చిన. పిల్ల ఎక్కువ నిద్రలనే ఉన్నది. నెలలు తక్కువ పిల్లలు అట్లనే ఉంటరని ఎస్తేరు చెప్పింది. కావేరి పాలు పిండి ఉగ్గుగిన్నెల పోస్తుంటే, పెనిమిటి తిరుమలేశ్ చెంచాతోని చుక్క చుక్క పడుతున్నడు. మొక్కల నారు పోసే చేతులు ఆయనవి. ఒక్క చుక్క కింద పడనియ్యలేదు.

బుధవారం

మనసు నిలకడగ లేదు. వరుసగ రాసుకుంటే కుదురుకుంటదేమో.

పొద్దున తిరుమలేశ్ షెడ్డుకు వచ్చి, ఉయ్యాల పక్కన పెట్టిన చిన్న పంకా గరగరమంటున్నదని, పిల్ల ఉలిక్కిపడుతున్నదని చెప్పిండు. నేను నెత్తి దీపం పెట్టుకొని పోయిన. మా బాయిల తెల్లటి వెలుగు ఇచ్చే దీపం అదొక్కటే. మా గులాబీ వెలుగుల ఎర్ర వైరు, తెల్ల వైరు ఒక్కతీరు కనబడతయి. కరెంటు పనిల అట్ల పొరపాటు పడితే మనిషే మిగలడు. అందుకే ఆ దీపం నాకు ఇచ్చిండ్రు.

పంకాల నూనె చుక్క వేసి, లేవబోతూ తల తిప్పిన. దీపం వెలుగు ఉయ్యాలల పడ్డది. పిల్ల ముఖం పసుపు రాసినట్టు ఉన్నది.

ముందుగాల నా దీపమే పాడైందేమో అనుకున్న. నా చేయి చూసుకున్న. ఎప్పటి తీరుగనే ఉన్నది. కావేరి చేయి చూసిన. అదీ అంతే. మళ్లీ పిల్లను చూసిన.

“దీపం దాని కండ్లల్ల పెట్టకు చిన్నమ్మా” అన్నది కావేరి.

“బట్ట జర పక్కకు తీస్తవా బిడ్డా” అన్న.

ఛాతీ కూడ అదే రంగు. పొట్ట కొంచెం తక్కువ. తిరుమలేశ్‌ను ఎస్తేరు కోసం ఉరికించిన.

ఎస్తేరు నా దీపం తీసుకొని, పిల్ల నుదురు మీద, ఛాతీ మీద, పొట్ట మీద వేలితోని అదిమి చూసింది. వేలు తీసిన చోట తెల్లగ కావాల్సింది, పసుపుగ అవుతున్నది. పచ్చకామెర్లు ఎక్కువైనయని, పసిపిల్లలకు కొంచెం రావుడు మామూలే గాని ఇది మామూలు దాటిందని చెప్పింది. పుట్టిన కాన్నుంచి రెండు పూటలా వచ్చి చూసిపోతున్నది ఆమె. ఈ వెలుగుల పుట్టిన పిల్ల, సచ్చే ముసలి, అందరూ గులాబీగనే కనబడతరు. మా బాయి ఆస్పత్రి గదిల కూడ ఇదే వెలుగు.

ఎస్తేరు తలపట్టుకుంటే నేను ఒక్కటే అన్న. “కండ్లు పనిచేసినయి. వెలుగే పనిచేయలేదు. లే, డాక్టరమ్మకు ఫోను చేద్దాం.”

పెద్దాసుపత్రి డాక్టర్ నస్రీన్ గొంతు తీగల గాలి చప్పుడు నడుమ వినబడ్డది. పిల్లను ఎట్లన్న ఆసుపత్రికి తేగలరా అని అడిగింది. ఎస్తేరు పై తలుపు సంగతి చెప్పింది. అప్పుడామె దాపరికం లేకుండ చెప్పింది. ఆ పసుపు పొట్ట దాటి కాళ్లకు, అరికాళ్లకు దిగితే మెదడుకు ఎక్కే ప్రమాదం ఉన్నది. పిల్ల ప్రాణం పోవచ్చు, ఉన్నా లోపంతోని ఉండొచ్చు. దానికి మందు నీలం వెలుగు. ఒంటి మీద ఆ వెలుగు పడితే పసుపు కరిగి, విరేచనంల, మూత్రంల పోతది. మా ఆస్పత్రి గదిల నీలం దీపం పెట్టె ఒకటి ఉండేది గాని, చెడిపోతే, దాని సామాను ఇక్కడ దొరకదని ఎండకాలం ముందే బాగుచేయించ పెద్దాసుపత్రికి పంపిండ్రు. అది ఇంక అక్కడనే ఉన్నది.

“మీ పంట దీపాలల్ల నీలం ఉంటది కద” అన్నది డాక్టరమ్మ.

ఎస్తేరు ఫోను నా చేతికి ఇచ్చింది.

గురువారం

నిన్న ఫోను సంగతి దాకనే రాసిన, తర్వాత అంతా పనే. ఇయ్యాల రాస్తున్న.

పంట దీపం పట్టీల ఎర్ర బుడ్లు, నీలం బుడ్లు పక్కపక్కనే ఉంటయి. అయితే రెండిటికి వేరే వేరే తీగలు. నారుకు నీలం ఎక్కువ కావాలె, కాయకు ఎరుపు ఎక్కువ కావాలె కాబట్టి తయారు చేసినోళ్లు అట్ల పెట్టిండ్రు. ఎరుపు తీగ తీసేస్తే నీలమే మిగులుతది. ఈ నీలం సరిగ్గ ఆసుపత్రి నీలం కాకపోయినా దానికి దగ్గరిదేనని, పట్టీలు ఎక్కువ పెట్టి, దగ్గరగ పెట్టి, ఒంటికి వీలైనంత మేర వెలుగు తగిలేటట్టు చూస్తే పనిచేస్తదని డాక్టరమ్మ చెప్పింది. కండ్లకు మాత్రం వెలుగు తగలొద్దు. పిల్లకు వేడి ఎక్కువ కావొద్దు. పాలు ఆపొద్దు.

పట్టీలు మంచివి ఎక్కడ ఉన్నయంటే నారు అరలల్ల. వచ్చే పంటకు మొత్తం బాయి ఆధారపడ్డ రాగి నారు అక్కడ మొలకెత్తుతున్నది. ఈ వయసుల దాని మీద వెలుగు తీస్తే సన్నగ సాగి పడిపోతది.

కనకయ్య కాడికి పోయి అడిగిన. ఆయన కోపగొండి కాదు, దయలేనోడు కాదు. పోయిన ఏడు పురుగు పడి పంట పోతే గంజి పంచింది ఆయనే. ఎవరికి ఎంత వస్తదో అని కుండల గరిట పెట్టి తిప్పుతూ నిలబడ్డది ఆయనే.

“సారక్కా, నారు పోతే ఈ బాయిల పిల్లలందరు ఆకలికి ఏడుస్తుంటే నువ్వే చూడాల్సి వస్తది” అన్నడు.

నా నెత్తి దీపం తీసి ఆయన చేతుల పెట్టిన. “ఒక్కసారి పోయి చూసి రా. చూసినంక ఇయ్యనంటే నేను మళ్ల అడగ.”

ఆయన పోయిండు. తిరిగి వచ్చేటప్పటికి దీపం ఆర్పి చేతుల పట్టుకొని ఉన్నడు. నిచ్చెన తెచ్చుకొని నారు అరల మీద పట్టీలు తనే విప్పుడు మొదలుపెట్టిండు. నారు తట్టలను మిగిలిన దీపాల కింద వంతుల వారీగ జరుపుతా అన్నడు. రోజంతా తట్టలు మోసుడే పని. తిరుమలేశ్ సాయం పోతానంటే, నీ బిడ్డ కాడ ఉండుమని కసిరిండు.

నేను పట్టీలను చెక్క చట్రానికి వరుసగ బిగించిన. వేడి పీల్చడానికి వెనుక అల్యూమినియం రేకు పెట్టిన. పక్క నుంచి చిన్న పంకా, గాలి పిల్ల మీద కాకుండ పట్టీల వెనుకకు తగిలేటట్టు. ఏదన్న బుడ్డి పగిలి పిల్ల మీద పడొద్దని పట్టీలకు ఉన్న ప్లాస్టిక్ మూతలను అట్లనే ఉంచిన. ఉయ్యాల లోపలి దిక్కు తెల్ల బట్ట కట్టినం, వెలుగు పక్కల నుంచి కూడ తిరిగి ఒంటికి తగులుతదని. పిల్లను పెట్టే ముందు నా మోచేయి లోపలి దిక్కు ఆ వెలుగు కింద పెట్టుకొని కూర్చున్న. వేడి తెలిసింది. చట్రాన్ని కొంచెం పైకి జరిపిన. మళ్ల కూర్చున్న. అప్పుడు సరిపోయింది. ఇంకొకరికి పెట్టేదాన్ని ముందు మన ఒంటికి పెట్టుకొని చూడాలె. ఇది ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన అవసరం కూడ లేదు.

కండ్లకు కట్టడానికి కావేరి పాత నూలు చీర కొంగు చింపింది. మెత్తగ రెండు మడతలు పెట్టి నేను కుట్టిన.

“కండ్లు కడితే భయపడదా చిన్నమ్మా” అని అడిగింది.

“నీ వేలు దాని చేతుల పెట్టు. అది ఉంటే దానికి అంతా తెలుస్తది.”

కావేరి వేలు లోపలికి చాపి, గోడకు ఆనుకొని కూర్చున్నది. నీలం వెలుగుల ఆమె చేయి పీనుగు చేయి లెక్క కనబడ్డది. నేను ముఖం తిప్పుకున్న.

శుక్రవారం

పసుపు తగ్గలేదు. తగ్గకపోగా తొడల దాక దిగింది.

పాలు పడితే మింగుతలేదు, పెదవుల పక్క నుంచి కారుతున్నయి. లేపితే లేవది. అరికాలు గిల్లితే ఏడుపు కాదు, సన్నగ ఒక మూలుగు. తిరుమలేశ్ గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు. ఎస్తేరు ఫోనుల మాట్లాడి వచ్చి, వెలుగు ఎంత పడుతున్నదో కొలిచే దారి ఉన్నదా అని డాక్టరమ్మ అడుగుతున్నదని చెప్పింది.

అప్పటిదాక నాకు చేతులు ఆడలేదు. ఆ మాట వినంగనే ఆడినయి. దిగులు పడేటప్పుడు కొలిచే పని దొరికితే అంతకంటె మేలు లేదు.

పాత లెక్కల మిషనుల ఉండే చిన్న సోలార్ బిళ్ల నా డబ్బాల ఉన్నది. దానికి మీటరు కలిపి, పిల్ల పడుకున్న చోట పక్కన పెట్టిన. ముల్లు లేచింది గాని నేను అనుకున్నంత లేవలేదు. ఇన్ని పట్టీలకు ఇంత తక్కువనా? అన్నీ ఒకేసారి మార్చబుద్ధి అయింది. చట్రం దించి, పట్టీలు పెంచి, తీగలు మార్చి, ఏదో ఒకటి. ఆపుకున్న. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెల్వదు. ఒక్కొక్కటే మార్చాలె. పిల్ల అట్ల పడుకొని ఉంటే ఒక్కొక్కటే మార్చుడు ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది.

ముందుగాల కరెంటు చూసిన. సరిగ్గనే వస్తున్నది. తీగల అతుకులు చూసిన. గట్టిగనే ఉన్నయి. ఒక పట్టీ మీది ప్లాస్టిక్ మూత తీసి చూసిన. ముల్లు ఎగిరింది.

మూత మళ్ల పెట్టిన. పడ్డది. తీసిన. ఎగిరింది.

మూతను నెత్తి దీపం కింద పట్టుకొని చూస్తే, పాత పుస్తకం కాగితం లెక్క పసుపుగ ఉన్నది. ఏండ్ల కొద్ది దీపాల కింద కాలి కాలి ముదిరిన ప్లాస్టిక్. పసుపు రంగు నీలాన్ని మింగుతది. నేను నీలం దీపం పెట్టి, దాని మీద నీలాన్ని ఆపే జల్లెడ కప్పిన. పంటకు సగం వెలుగే అందుతున్నదని కనకయ్యకు కూడ ఇన్నాళ్లు తెల్వదు. పిల్ల ముఖం మీద పసుపు కనబడనట్టే, మూత మీద పసుపు కూడ మా వెలుగుల ఎవరికీ కనబడదు.

మూతలన్నీ ఊడదీసిన. అయితే పగిలితే ఏం చేసుడు, పిల్ల మీద ఏదో ఒకటి అడ్డం ఉండాలె. ప్లాస్టిక్ ఏదైనా అదే వయసుది. అద్దం అయితే పచ్చబడది. మా బాయిల అద్దం ఎక్కడుంటది అని ఆలోచిస్తుంటే ఎస్తేరు లేచి పోయింది. ఆస్పత్రి మందుల బీరువా అద్దం తలుపు చేతుల మోసుకొని వచ్చింది. చట్రంతోని సహా ఊడబీకింది. మందులకు దుమ్ము పడితే ఏం చేస్తవని అడిగితే, చీర కప్పిన అన్నది.

అద్దం కడిగి, తుడిచి, పట్టీల కింద బిగించిన. మళ్ల నా చేయి పెట్టుకొని వేడి చూసిన. మీటరు ముల్లు ముందటిదానికి రెండింతల మీద నిలబడ్డది. అప్పుడు పిల్లను లోపల పెట్టినం. ఎస్తేరు ముక్కుల సన్న గొట్టం వేసి, దాని గుండ పాలు దించింది.

కనకయ్య వచ్చి తలుపు కాడ నిలబడి మూతల సంగతి విన్నడు. నవ్విండో ఏడ్చిండో ఆ వెలుగుల తెల్వలేదు. అప్పటికప్పుడే పోయి మిగిలిన నారు దీపాల మూతలన్నీ ఊడదీయించిండు. నారుకు ఇప్పుడు తక్కువ దీపాలతోనే మునుపటి కంటె ఎక్కువ వెలుగు పడుతున్నది. తట్టలు మోసే పని తప్పింది.

శనివారం

పొద్దున నేను పోయేటప్పటికి కావేరి ఇంట్ల గొడవ గొడవగ ఉన్నది. లోపలికి పోతే తిరుమలేశ్ ఒక బట్ట చేతుల పట్టుకొని, పెండ్లి కార్డు చూపినట్టు అందరికీ చూపిస్తున్నడు. ఎస్తేరు అతని చేతుల నుంచి దాన్ని గుంజుకొని నా దీపం అడిగింది. బట్టల ముదురు పచ్చ విరేచనం.

“దిగుతున్నది సారక్కా” అన్నది ఎస్తేరు. “పసుపు ఒంట్ల నుంచి దిగుతున్నది.”

పసిపిల్ల విరేచనం చూసి ఇంతమంది పెద్దోళ్లు సంబరపడుడు నేను ఎప్పుడూ చూడలేదు. కనకయ్య కూడ వంగి చూసిండు. నారు ఆకు ఇంత పచ్చగ ఉంటే బాగుండు అన్నడు.

తొడల మీద రంగు పోయింది. పొట్ట మీద ఇంక ఉన్నది. మధ్యాహ్నం గొట్టం తీసి చెంచాతోని పడితే మింగింది. మళ్ల పడితే మళ్ల మింగింది. మూడోసారి చెంచా రావడం ఆలస్యమైతే కోపానికి వచ్చి, కండ్లకు గంతలతోనే ముఖం ఎర్రగ చేసి ఏడ్చింది. ఎర్రగ అంటున్న. నెత్తి దీపం కింద చూసి రాస్తున్న, నిజంగ ఎర్రగనే.

కావేరి అప్పుడు ఏడ్చింది. ఇన్ని దినాలు ఏడవలేదు. నా భుజం తడిసిపోయింది. నేను వీపు నిమురుతూ ఉన్న. తర్వాత ఆమెకు అన్నం కలిపి పెట్టిన. రెండోసారి కూడ అడిగి తిన్నది.

మృగశిర కార్తె, మొదటి రోజు

గాడ్పు తగ్గింది. పై తలుపు తీసిండ్రు. నేను అతికించిన రబ్బరు ఊడబీకడానికి ఇద్దరు మనుషులు పట్టిండ్రు. తిట్టిండ్రు కూడ.

డాక్టర్ నస్రీన్ బండిల వచ్చింది. ఫోనుల గొంతు వింటే పెద్దామె అనుకున్న, తీరా చూస్తే నాకంటె చానా చిన్నది. దుమ్ము ముసుగు తీసి, చేతులు కడుక్కొని, పిల్లను పై తలుపు కాడికి తెమ్మన్నది, పగటి వెలుగుల చూస్తా అన్నది.

పుట్టిన కాన్నుంచి ఆ పిల్ల పగలు చూడలేదు. కావేరి చెంగు అడ్డం పెట్టి మెట్లు ఎక్కింది. మేమంతా వెనుకే. తలుపు కాడ నీడల, మబ్బు పట్టిన ఆకాశం కింద, డాక్టరమ్మ బట్ట విప్పింది. పిల్ల ముఖం లేత రంగుల ఉన్నది. కండ్ల తెల్లగుడ్డుల ఇంక కొంచెం పచ్చదనం ఉన్నది గాని అది దానంతట అదే పోతదన్నది. రక్తం చుక్క తీసి చిన్న యంత్రంల పెట్టి చూసి, ప్రమాదం దాటిందని చెప్పింది. ఎస్తేరు అక్కడనే మెట్ల మీద కూర్చున్నది.

డాక్టరమ్మ లోపలికి వచ్చి నా చట్రం చూసింది. ఎక్కడెక్కడ ఏం పెట్టినమో అడిగి తెలుసుకున్నది. అద్దానికి, పిల్లకు నడుమ ఎంత దూరం ఉన్నదో చేతితోని కొలిచి చూసింది. ఇంకో రెండు బాయిల ఊర్లల్ల కూడ ఇదే గులాబీ వెలుగు ఉన్నదని, అక్కడికి కూడ ఇది ఎట్ల చేయాల్నో చెప్పాలె అన్నది. చెప్తా అన్న. ముందుగాల ఒక్కటి చెప్తా అన్న: ప్రతి పురిటింట్ల ఒక్క తెల్ల దీపం పెట్టండి, చట్రం సంగతి తర్వాత. కనకయ్య పక్కనే ఉండి తలూపిండు. మూతలు తీసినంక మిగిలిన కరెంటుతోని ఆ మాత్రం అవుతది అన్నడు.

పోయేముందు పై తలుపు కాడ కావేరిని, నన్ను పక్కకు పిలిచి డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. శుక్రవారం నాటికి రంగు కాళ్లకు దగ్గరైంది. ఈ కామెర్లు ముదిరితే వినికిడి పోవచ్చు కాబట్టి, చెవులకు ఏమన్న అయిందా అని చూడాలె. ఆ పరీక్ష యంత్రం ఆసుపత్రిల ఉన్నది, పిల్ల కొంచెం బలపడ్డంక తీసుకురావాలె. అప్పటిదాక చప్పుళ్లకు ఉలిక్కిపడుతున్నదా లేదా గమనిస్తుండుమన్నది. భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండడానికి అన్నది.

కావేరి తలూపింది. మెట్లు దిగేటప్పుడు నా చేయి పట్టుకున్నది.

మృగశిర కార్తె, ఆదివారం

పంకాలు ఒక్కొక్కటి దించి రెక్కలు కడుగుతున్న. వానల ముందు ఇది చేస్తే మళ్ల ఏడాది దాక బాధ ఉండది. కడిగిన రెక్కను ఎండల పెట్టొద్దు, వంకర పోతది. నీడకే ఆరబెట్టాలె.

కావేరి మొన్నటి నుంచి పిల్ల కాడ చప్పట్లు కొడుతున్నది. నిద్రల ఉంటే కదలది. మేలుకొని ఉంటే ఎటో చూస్తది. గిన్నె మీద చెంచాతోని కొట్టింది. ఒకసారి ఉలిక్కిపడ్డది అంటది, ఒకసారి పడలేదు అంటది. తిరుమలేశ్‌ను అడిగితే ఆయన ఇంకొకటి చెప్తడు. నాకు కూడ తెల్వదు. చిన్న పిల్లల సంగతి యంత్రం లెక్క కాదు, ముల్లు ఎగరది.

ఇయ్యాల మధ్యాహ్నం పిల్లను ఎత్తుకొని నా షెడ్డుకు వచ్చింది. ఊరికె వచ్చిన అన్నది. ఇంట్ల కూర్చుంటే చప్పట్లు కొట్టబుద్ధి అవుతున్నదట, అందుకని. మూల బల్ల మీద కూర్చొని పిల్లను ఒళ్లె పెట్టుకున్నది. వాళ్లమ్మ గురించి అడిగింది. మేమిద్దరం బాయిలకు దిగిన కొత్తల, చీకటికి భయపడి, పాటలు పాడుకుంటూ సొరంగం దాటిన సంగతి చెప్పిన. ఆమె వింటున్నది, నేను చెప్తూ పంకా రెక్క తుడుస్తున్న. పిల్ల కండ్లు తెరుచుకొని పైకప్పు దిక్కు చూస్తున్నది.

తడి చేతులకు రెక్క జారింది. ఇనుప పళ్లెం మీద పడ్డది, పళ్లెం బల్ల మీది నుంచి నేల మీద పడ్డది, దాంట్ల ఉన్న బోల్టులన్నీ షెడ్డంతా దొర్లినయి. సొరంగం కదా, ఆ మోత గోడలకు తగిలి తిరిగి తిరిగి వచ్చింది.

పిల్ల రెండు చేతులు ఒక్కసారి గాలిల చాచింది. ముఖం మొత్తం ముడుచుకున్నది. ఊపిరి లోపలికి గుంజి, ఎంతసేపటికీ వదలలేదు. వదిలినంక షెడ్డు దద్దరిల్లింది. పక్క అరల వాళ్లు ఏమైందని తలలు బయటపెట్టిండ్రు.

కావేరి నన్ను చూసింది. నేను ఆమెను చూసిన. బోల్టులు ఇంక దొర్లుతనే ఉన్నయి. నేను వంగి ఏరుదామనుకున్న, వంగలేదు. ఆమె పిల్లను భుజం మీద వేసుకున్నది గాని జోకొట్టలేదు.

దాన్ని ఊరుకోబెట్టడానికి మేం ఇద్దరం తొందరపడలేదు.